కాకిలెక్కల మైలేజీ

మా ఇంట్లో అబద్ధాలు తక్కువే. ఉన్నవాటిలో పెద్దది గరాజులో ఉంటుంది, ఎర్రగా, రెండే సీట్లతో.

పాపం, అబద్ధం కారుది కాదు. దాని గురించి చెప్పే అంకెది. బండి 1990 మాజ్డా మియాటా. పైకప్పు వెనక్కి మడిచేయొచ్చు, దీపాలు కప్పకళ్ళలా పైకి లేస్తాయి. నాకూ ముద్దే అది. కానీ ఏ పాట్‌లక్కుకి వెళ్ళినా పప్పు గిన్నె మూత తీసేలోపే మావారు అనే మాట ఒకటుంది: "ముప్పై ఏళ్ళు దాటిన బండి, అయినా గ్యాలనుకి 31 మైళ్ళు ఇస్తుంది." వినే అన్నయ్యగార్లంతా తలలూపుతారు. ఎందుకూపరు? వాళ్ళ బళ్ళకీ ఇలాంటి అంకె ఒకటి జేబులో ఉంటుందిగా!

ఆ 31 ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు, పక్క సీట్లో నేనే ఉన్నాను. ఒక మార్చి నెలలో డాలస్ నుంచి ఆస్టిన్ వెళ్ళాం. దారి పొడుగునా వాన. టాపు వేసే ఉంది, ఏసీ అక్కర్లేదు, ఎవరూ అరవై దాటి పోవడం లేదు. ఆ ఒక్క ట్యాంకుకి 31 వచ్చింది. ఇంటిల్లిపాదీ పెళ్ళికెళ్ళిన వారం పాల బిల్లు చూపించి "మా ఇంట్లో పాల ఖర్చు ఇంతే" అని నేనంటే మీరు నవ్వరూ? కారు విషయంలో మాత్రం ఎవరూ నవ్వరేం?

అందుకే లెక్క నేను రాశాను. కూరగాయల పద్దు రాసే పుస్తకంలోనే వెనక నాలుగు పేజీలు కేటాయించాను. పోసిన ప్రతిసారీ తేదీ, గ్యాలన్లు, ఓడోమీటరు అంకె. (ఇక్కడ పెట్రోలుని గ్యాస్ అంటారు. నాకు గ్యాసంటే ఇప్పటికీ సిలిండరే, పెట్రోలనే రాస్తాను.) ఎప్పుడూ అదే బంకు, పంపు 'టక్' మని ఆగగానే ఆపడం. దీని ట్యాంకు 45 లీటర్లది, అంటే పన్నెండు గ్యాలన్లకి కాస్త తక్కువ. పది గ్యాలన్లు పోసేచోట అర గ్యాలను అటూ ఇటూ అయితే ఐదు శాతం తేడా వచ్చేస్తుంది. అందుకని ఒక్క ట్యాంకు లెక్క లెక్కే కాదు. ఏడాదిది కలపాలి.

కలిపాను. 130 గ్యాలన్లు, ఓడోమీటరు మీద 3,240 మైళ్ళు. అంటే దాదాపు 25. ఇక్కడితో ఆపేస్తే మావారికీ కొంత ఊరట ఉండేది. కానీ కిందటేడు ఆయన చక్రాలు మార్చి, అంచు సన్నగా ఉండే కొత్త టైర్లు వేయించారు. పాతవాటికంటే ఇవి చుట్టుకొలతలో చిన్నవి. చిన్న చక్రం అంతే దూరానికి ఎక్కువసార్లు తిరుగుతుంది, ఓడోమీటరు ఆ తిరుగుళ్ళనే లెక్కపెడుతుంది. హైవే పక్కన మైలు బోర్డులుంటాయి కదా, వాటితో సరిచూశాను. వంద మైళ్ళు నడిస్తే ఇది దాదాపు 104 చూపిస్తోంది. కొట్టువాడు కిలో తక్కెడ కింద చింతపండు అంటించినట్టన్నమాట. అసలు నడిచింది 3,120. అంటే 24.

ఈ 24కి సిగ్గుపడాల్సిందేం లేదు. అదే నా గొడవ. కారు కొత్తగా వచ్చినప్పుడు అద్దానికి అంటించిన కాగితం మీద ఊళ్ళో 25, హైవే మీద 30 అని ఉండేది. ఆ అంకెలు ఇక్కడి పర్యావరణ సంస్థ ఈపీఏ పద్ధతిలో వచ్చినవి. బండిని రోడ్డు మీద కాదు, గదిలో రోలర్ల మీద నడిపి చూస్తారు. ఆ హైవే పరీక్షలో సగటు వేగం గంటకి 48 మైళ్ళు, ఎంత తొక్కినా 60 దాటదు. ఏసీ వెయ్యరు. అలా వచ్చింది నిజానికి దూరమని వాళ్ళకీ తెలుసు గనక, 1985 నుంచి ఊరి అంకెలో 10 శాతం, హైవే అంకెలో 22 శాతం కోసి ముద్రించేవారు. అదీ చాలదని 2008 నుంచి పద్ధతే మార్చారు. 80 మైళ్ళ దాకా దూకించే పరీక్ష, ఎండలో ఏసీతో ఒకటి, గడ్డకట్టే చలిలో ఒకటి కలిపారు. పాత బళ్ళ అంకెలు కూడా దాని ప్రకారం దించితే మియాటాకి రెండూ రెండు మూడేసి మైళ్ళు తగ్గాయి. అంటే ఈ కారు తన కాగితం మాటని ఈ వయసులో కూడా నిలబెట్టుకుంటోంది. దానికి లేనిపోని ఏడు మైళ్ళు అంటగట్టి అవమానించడం దేనికి?

టెక్సాస్‌లో 60లో ఎవరు వెళ్తారు? మావారు 75లో వెళ్తారు. వేగం పావు వంతు పెరిగితే గాలి అడ్డం ఒకటిన్నర రెట్లు దాటుతుంది. టాపు తీస్తే ఇంకా ఎక్కువ. పైగా దీనికి ఐదు గేర్లే. 70లో ఇంజన్ 3,600 చుట్లు కొడుతూ ఉంటుంది, పక్కనుంచి మాట వినపడదు. వారం మధ్యలో "పెరుగు తెస్తా" అని రెండు మైళ్ళు వెళ్ళిరావడం మరీ దండగ. ఇంజన్ వేడెక్కేలోపే ఇల్లొచ్చేస్తుంది, చల్లటి ఇంజన్‌కి పెట్రోలు చిక్కగా పోయాల్సిందే. ఇప్పటి పెట్రోల్లో పదో వంతు ఇథనాల్ కలుపుతారు, దాని వాటా మూడు శాతం. వెనక బ్రేకు పట్టేసి ఉండటం ఈ బళ్ళకి అలవాటే, మాదీ ఒకసారి పట్టేసింది. నా పుస్తకంలో ఆ ట్యాంకు 20 అని పడింది. కారు జబ్బు డాక్టరుకంటే ముందు పద్దులో కనపడుతుంది!

ఇక రెండో పక్షం. "చెల్లెమ్మా, ఆ బండి నీళ్ళు తాగినట్టు తాగేస్తుందటగా, ఈ వయసులో ఎందుకివి?" అని మావారిని వెక్కిరించే అన్నయ్యగార్లున్నారు. వాళ్ళకో దణ్ణం. మా రెండో బండి, పిల్లల్నీ సామాన్లనీ మోసే ఏడు సీట్లది, ఏడాదికి 14,400 మైళ్ళు తిరిగింది, గ్యాలనుకి 18 చొప్పున 800 గ్యాలన్లు తాగింది. మియాటా తాగింది 130. దాన్ని అమ్మేసి 50 ఇచ్చే హైబ్రిడ్ కొంటే ఏడాదికి 68 గ్యాలన్లు మిగుల్తాయి. ఏడు సీట్లదాన్ని వదిలి 24 ఇచ్చేది కొంటే 200 మిగుల్తాయి. అయినా 18 నుంచి 24 అంటే ఎవరికీ ఆనదు, 24 నుంచి 50 అంటే నోళ్ళు తెరుస్తారు. ఇది మనవాళ్ళ తెలివితక్కువే కాదు, లోకమంతా ఇంతే. డ్యూక్ యూనివర్సిటీలో ల్యారిక్, సోల్ అనే ఇద్దరు 2008లో సైన్స్ పత్రికలో రాసింది ఈ భ్రమ గురించే. అందుకే 2013 మోడళ్ళ నుంచి ఇక్కడ కారు కాగితం మీద వంద మైళ్ళకి ఎన్ని గ్యాలన్లో కూడా వేస్తున్నారు. ఎవరైనా చదివారా దాన్ని? విజయవాడ నుంచి మా అన్నయ్య ఫోన్ చేస్తే "లీటరుకెంత?" అనే అడుగుతాడు. పది అంటే "అంతేనా!" అంటాడు. ఏడాదికి ఎంత నడుపుతారని అడిగినవాడు ఇంతవరకూ లేడు.

గ్యాలను మూడు డాలర్లనుకున్నా మియాటా పెట్రోలు ఏడాదికి 390 డాలర్లు. అదే పుస్తకంలో పక్క పేజీ చూడండి. టైర్లు, చక్రాలు 900. చిరిగిన టాపు మార్చినందుకు 850. అరవై వేల మైళ్ళకోసారి మార్చాల్సిన టైమింగ్ బెల్టు, దాంతోపాటు నీళ్ళ పంపు కలిపి 600. ఇన్సూరెన్సు వేరే. మైలేజీ గురించి ఇంత రొద చేసేది ఈ పేజీ మీదకి మన కళ్ళు పోకుండానే అని నా అనుమానం. "31 ఇస్తుంది" అనగానే అది కోరిక కాదు, పొదుపు అయిపోతుంది. పొదుపుకి ఇంట్లో ఎవరి అనుమతీ అక్కర్లేదు.

కోరికంటే కోరికే అనండి. నలభై ఎనిమిదేళ్ళ మనిషి, వారమంతా మీటింగుల్లో నలిగి, ఆదివారం పొద్దున్న టాపు తీసి చెరువు గట్టు దాకా వెళ్ళొస్తే ముఖం వెలుగుతుంది. ఆ వెలుగుకి ఏడాదికి మూడు వేలు ఖర్చవుతుంది అని కూర్చుని చెప్తే నేను కాదంటానా? నా కోరికలకి మాత్రం హైవే మైలేజీ ఉండదు మరి. తెలుగు బి.ఏ.తో ఇక్కడ ఏ పనీ రాదని, చిన్నపిల్లల చదువు చెప్పే కోర్సు రెండు సబ్జెక్టులు కమ్యూనిటీ కాలేజీలో చేద్దామనుకున్నాను. "ఈ ఏడు ఖర్చులెక్కువున్నాయి, వచ్చే ఏడు చూద్దాం" అన్నారు. అది అన్న నెలలోనే చక్రాలొచ్చాయి. నేను అడిగింది పచ్చిగా ఖర్చులా కనపడింది, ఆయనది పాతబండి సంరక్షణలా కనపడింది. ఒకే ఇంట్లో రెండు తక్కెళ్ళు.

మొన్న ఆదివారం పుస్తకం తీసి టిఫిన్ బల్ల మీద పెట్టాను, ఇడ్లీల పక్కన. ఆయన పేజీలు తిప్పి, "24 అంటే మరీ తక్కువ వేశావు, ఆ బ్రేకు పట్టేసిన ట్యాంకు తీసెయ్" అన్నారు. తియ్యనన్నాను. ఆస్టిన్ ట్యాంకు కూడా తియ్యలేదుగా! తర్వాత చాలాసేపు పక్క పేజీ చూశారు. పాట్‌లక్కులో ఏ అంకె చెప్పుకుంటారో ఆయనిష్టం. పుస్తకంలో కారు పేజీ కింద కోర్సు ఫీజుకి ఒక పేజీ గీశాను, కాలేజీ వాళ్ళు ఆఖరి తేదీ ఆగస్టు 15 అన్నారు.