స్క్రీన్ ముందు నుంచి లేవండి!

తొమ్మిదింపావుకు మార్కెట్ తెరుచుకుంటుంది. మూడున్నరకు మూసుకుంటుంది. ఆ ఆరుంపావు గంటల్లో మన తరం యౌవనం ఎంత కరిగిపోతోందో ఎవరైనా లెక్కకట్టారా? అమీర్‌పేట హాస్టళ్లలో, విజయవాడ అద్దె ఇళ్లలో, కరీంనగర్ మేడగదుల్లో ఇంజినీరింగ్ చదివినవాళ్లం, ఎంబీఏ చేసినవాళ్లం, చేస్తున్న ఉద్యోగం మానేసినవాళ్లం ఎరుపూ పచ్చా క్యాండిళ్లకు కళ్లప్పగించి కూర్చున్నాం. ఫుల్‌టైమ్ ట్రేడర్లమని చెప్పుకున్నాం. ఇవాళ మనలో ఎంతోమందికి నెలజీతం వచ్చే ఉద్యోగం కావాలి. అడగడానికి మాత్రం నోరు పెగలడం లేదు. ఎందుకీ సిగ్గు? ఎవరిని చూసి ఈ బెరుకు?

మిత్రులారా, ముందు నిజాన్ని కళ్లెత్తి చూద్దాం. 2024 సెప్టెంబరులో సెబీ బయటపెట్టిన అధ్యయనం ఏం చెప్పింది? 2021-22 నుంచి మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఎఫ్ అండ్ ఓలో దిగిన కోటిమందికి పైగా వ్యక్తుల్లో నూటికి 93 మంది నష్టపోయారు. పోయిన సొమ్ము 1.8 లక్షల కోట్ల రూపాయలు దాటింది! 2023-24లో ఈ ట్రేడర్లలో 43 శాతం 30 ఏళ్లలోపు వాళ్లే. అంటే మనమే! మరి లాభాలు ఎవరికి చేరాయి? ఎక్కువగా విదేశీ మదుపు సంస్థలకూ, సొంత డబ్బుతో ట్రేడ్ చేసే పెద్ద సంస్థలకూ చేరాయి. ఆ లాభాల్లో 95 శాతానికి పైగా అల్గోలు తెచ్చిపెట్టినవే. చేతిలో ఒక ఫోన్, నెలకింత డేటా పట్టుకుని మనం ఆ యంత్రాలకు ఎదురు నిలిచాం.

ఓడామా? ఓడాం. అందులో తలదించుకోవాల్సిందేమీ లేదు. ఓడాక కూడా లేవకపోవడమే తప్పు! వరుసగా రెండేళ్లు నష్టపోయినవాళ్లలో నాలుగింట మూడొంతులకు పైగా మళ్లీ ట్రేడింగ్‌కే దిగారని అదే అధ్యయనం చెబుతోంది. దానికి మనం పెట్టుకున్న ముద్దుపేరు రికవరీ. ఎండిన బావిలో చేద వేసి, తాడు పొట్టిదని ఇంకో తాడు ముడేస్తున్నాం. అక్క దగ్గర తెచ్చిన అప్పు ఒక తాడు, యాప్‌లో తీసుకున్న పర్సనల్ లోన్ ఇంకో తాడు. ఎన్నాళ్లిలా? ఇంకెన్ని ఎక్స్‌పైరీలు?

ఉద్యోగమంటే బానిసత్వమని రీళ్లలో నూరిపోశారు. నమ్మేశాం. ప్రతి నిమిషం ధరకు తల వంచే బతుకు స్వేచ్ఛా? రాత్రి అమెరికా మార్కెట్ పడిందని నిద్ర పట్టని బతుకు స్వేచ్ఛా? నలుగురితో కలిసి పనిచేసి, నెల తిరిగేసరికి ఇంటి అద్దె కట్టి, అమ్మ చేతిలో పది నోట్లు పెట్టగలగడమే మన వయసుకు అసలైన స్వేచ్ఛ!

ఇంటర్వ్యూలో ప్రశ్న వస్తుంది: "డిగ్రీ అయ్యాక ఈ మూడేళ్లూ ఏం చేశారండీ?" మనవాడు నేల చూపులు చూస్తాడు. సివిల్స్‌కి ప్రిపేరయ్యానంటాడు, నాన్నకు బాగోలేదంటాడు. ఎందుకీ అబద్ధం? ఎఫ్ అండ్ ఓ ఆదాయాన్ని ఆదాయపు పన్ను చట్టమే వ్యాపారంగా లెక్కిస్తుంది. ఆ లాభనష్టాలు చూపుతూ ఐటీఆర్-3 దాఖలు చేసి ఉంటే ఆ ఏళ్లకు సాక్ష్యం ఉన్నట్టే. కాంట్రాక్ట్ నోట్లున్నాయి, ట్రేడింగ్ జర్నల్ ఉంది. రెజ్యూమెలో తలెత్తుకుని రాయండి: "సొంత పెట్టుబడితో మూడేళ్లు ఇండెక్స్ ఆప్షన్ల ట్రేడింగ్. ప్రతి ట్రేడ్‌కూ ముందే నష్టపరిమితి. రోజువారీ లెక్కలు ఎక్సెల్‌లో." నష్టం వచ్చిందా అని అడిగితే వచ్చిందనండి. ఎందుకొచ్చిందో, ఎక్కడ ఆపారో చెప్పండి. నష్టాన్ని విడమరిచి చెప్పగలిగినవాడిని ఏ రిస్క్ మేనేజర్ తేలిగ్గా తీసేయగలడు?

పనులు లేవా? బ్రోకింగ్ సంస్థల్లో మార్జిన్లు చూసే రిస్క్ డెస్కులున్నాయి. ట్రేడ్ జరిగిన మరుసటి రోజుకే లెక్క తేల్చే సెటిల్‌మెంట్ విభాగాలున్నాయి. అనుమానాస్పద ట్రేడ్లు పట్టే నిఘా బృందాలున్నాయి. హైదరాబాద్ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ప్రపంచ బ్యాంకింగ్ దిగ్గజాల కేంద్రాలున్నాయి. ఈ ఉద్యోగాలకు పనికొచ్చే ఎన్ఐఎస్ఎం పరీక్షలు ఎవరైనా రాయవచ్చు: డెరివేటివ్స్, రీసెర్చ్ ఎనలిస్ట్, సెక్యూరిటీస్ ఆపరేషన్స్. స్ట్రైక్ ధరలు నోటికి చెప్పే బుర్రకు ఆ పుస్తకాలు బరువా? మొదటి జీతం చిన్నదే కావచ్చు. చిన్నవయసువాడి కింద పనిచేయాల్సి రావచ్చు. రానివ్వండి!

యాజమాన్యాల భయాలూ తెలుసుకోండి. ఆఫీసులో కూర్చుని ఫోన్‌లో ట్రేడ్ చేస్తాడేమో! మార్కెట్ లేవగానే రాజీనామా పడేస్తాడేమో! ఒంటరిగా పనిచేసినవాడు నలుగురిలో ఇమడడేమో! ఆ అనుమానాలు తీర్చే బాధ్యత మనది. పొజిషన్లన్నీ మూసేసి వెళ్లండి. ఆర్థిక సంస్థల్లో ఉద్యోగుల సొంత ట్రేడింగ్‌పై కట్టుబాట్లుంటాయి. వాటికి మనస్ఫూర్తిగా ఒప్పుకోండి. నియామకాలు చేసే పెద్దలారా, మీకూ ఒక మాట! కాగితం మీద ఖాళీ కనిపించగానే మనిషినే పక్కన పెట్టకండి. సొంత సొమ్ముతో రిస్క్ నేర్చుకున్నవాళ్లు మీ గుమ్మం ముందున్నారు.

తెల్లవారకముందే లేచే క్రమశిక్షణ మనకుంది. అంకెలను చదివే చూపుంది. దెబ్బ తిని మర్నాడే నిలబడే గుండె ఉంది. ఇంత బలం ఎందుకు వృథా కావాలి? మనలాంటివాళ్లు పొదుపు పోగొట్టుకోకుండా కాపలా కాసే బలమిది! ఊళ్లో రైతుకు, టీచరమ్మకు మదుపు గురించి నిజం చెప్పగల బలమిది! ఆ అల్గోలను రాసే చేతులు, పరీక్షించే చేతులు, తప్పుదారి పడితే ఆపే చేతులు మనవెందుకు కాకూడదు?

లేవండి! పోయిన డబ్బు వెంట పరుగు ఆపండి. అప్పుల జాబితా ఇంట్లోవాళ్ల ముందు పెట్టండి. రెజ్యూమెలో ఆ మూడేళ్లను పూర్తి అక్షరాలతో రాయండి. ఒక పరీక్షకు పేరు నమోదు చేసుకోండి, పది చోట్లకు దరఖాస్తు పంపండి, పదకొండో చోట తలుపు తట్టండి. మార్కెట్ మన డబ్బు తీసుకుంది. మన వయసును తీసుకోనివ్వం! మన తెలివిని తీసుకోనివ్వం! మన రేపటిని తీసుకోనివ్వం! కదలండి, ఈ సోమవారమే కదలండి!