నలుగురికే చోటు

తైలవర్ణ చిత్రం నిదానమైన పని. నూనె రంగు త్వరగా ఆరదు. పొర మీద పొర వేస్తేనే ఒంటి చాయ, పట్టుబట్ట మెరుపు పలుకుతాయి. ఈ ఓపిక స్త్రీలకు సహజమని మెచ్చుకునేవారున్నారు. కానీ 18వ శతాబ్దపు ఫ్రాన్సులో స్త్రీలు ఎక్కువగా ముఖచిత్రాలు వేయడానికి కారణం వేరు. నగ్న మోడల్‌ను చూసి గీసే తరగతుల్లోకి వాళ్లను రానివ్వలేదు. ఆ శిక్షణ లేనిదే, గొప్పవిగా లెక్కించే చరిత్ర, పురాణ చిత్రాల జోలికి పోవడం కష్టం. మిగిలినవి ముఖాలూ పూలూ.

స్త్రీ సభ్యులు నలుగురికి మించరాదని 1770లో అక్కడి రాజ అకాడమీ తీర్మానించింది. కమిటీల్లో "ఒక మహిళ ఉన్నారుగా" అన్న మాట విన్న మనకు ఈ లెక్క కొత్తేమీ కాదు. 1783లో అదేలాయిద్ లాబీయ్-గియార్, విజే లె బ్రన్ ఒకే రోజున చేరడంతో ఆ నాలుగూ నిండాయి. విమర్శకులు ఇద్దరినీ పోటీకి నిలబెట్టి తమాషా చూశారు.

1785లో లాబీయ్-గియార్ దాదాపు ఏడడుగుల ఎత్తున తన చిత్రమే వేసుకుంది. ఈజిల్ ముందు తాను, (ఆ పట్టు గౌనుతో ఎవరూ రంగులు కలపరనుకోండి!) వెనుక ఇద్దరు శిష్యురాళ్లు. తలుపు మూసిన అకాడమీకి, రాబోయేవారిని అలా చూపించింది. 1790లో ఆ పరిమితి ఎత్తేయమని సమావేశంలోనే వాదించింది. 1793లో అకాడమీ రద్దయింది. 1795లో దాని స్థానంలో వచ్చిన సంస్థ స్త్రీలకు ఒక్క చోటూ ఇవ్వలేదు.