కాగితాలను కాపాడిన జోర్ సాహెబ్



గత నెలలో ఒకనాడు అసర్ నమాజు అనంతరం వడ్లమూడిలోని మా మదరసా వాకిటికి ఒక వృద్ధురాలు వచ్చారు. చేతిలో పాత చీరముక్కతో కట్టిన మూట. "హజ్రత్, మా మామగారి పెట్టెలో దొరికినయి. అన్నీ మన అక్షరాలే. తొక్కుడు పడకుండా కాలువలో కలిపేయమంటారా?" అని అడిగారు. ఆమె ఉద్దేశం ఎంతో గౌరవప్రదమైనది. అల్లాహ్ నామం ఉన్న కాగితం కాలికింద పడరాదన్న భయభక్తులతోనే మన ఇళ్ళలో అరబీ లిపిలో ఉన్న ప్రతి చీటీనీ నీటిపాలు చేస్తున్నాము. కాని ఆ లిపిలో ఉన్నదంతా దైవవాక్యం కాదు. దానిలో మామగారి అప్పుల పద్దు ఉండవచ్చు, నిఖానామా ఉండవచ్చు, ఒక కవి జీవితమంతా ఉండవచ్చు.

ఈ విషయమై మాకు డాక్టర్ సయ్యద్ మొహియుద్దీన్ ఖాద్రీ జోర్ గుర్తుకు వస్తారు. 'జోర్' ఆయన కలంపేరు. 1905లో హైదరాబాదులో జన్మించిన ఈ పండితుడు ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి, లండనులో డాక్టరేటు పొంది, పారిస్‌లో ధ్వనిశాస్త్రం అభ్యసించారు. 1930లో అక్కడే 'హిందుస్తానీ ఫోనెటిక్స్' అనే గ్రంథాన్ని వెలువరించారు. అటువంటి చదువు చదివిన యువకుడు స్వదేశానికి వచ్చి ఏమి చేయాలి? ఉద్యోగం చేయాలి, ఆయన కూడా చేశారు, ఉస్మానియాలో ఉర్దూ బోధించారు. అయితే అంతటితో ఊరుకోలేదు. 1931లో మిత్రులతో కలిసి 'ఇదారె అదబియాతె ఉర్దూ' అనే సంస్థను స్థాపించి, ఇళ్ళలో, ఖాన్‌కాహ్‌లలో చెదలకు ఆహారమవుతున్న వ్రాతప్రతులను చేరదీయసాగారు.

ఆనాటి సాహిత్య లోకంలో మన దక్కనీ భాషకు ఏ స్థానం ఉండేదో పాఠకులు తెలుసుకోవాలి. ముహమ్మద్ హుసేన్ ఆజాద్ 1880లో ప్రచురించిన 'ఆబె హయాత్' ఉర్దూ కవిత్వానికి ఆదిపురుషునిగా వలీని నిలబెట్టింది. వలీ ఢిల్లీకి వెళ్ళింది 1700 ప్రాంతంలో. ఆయన సైతం దక్కను వాడే గాని, ఆయనకు ముందు ఇక్కడ ఏమి జరిగినదో చదువుకొన్న వారిలో కూడా అనేకులకు తెలియదు. చార్మినారు కట్టించిన ముహమ్మద్ కులీ కుత్బ్ షా (పాలన 1580–1612) స్వయంగా కవి. ఆయన మరణానంతరం, సోదరుని కుమారుడూ అల్లుడూ అయిన సుల్తాన్ ముహమ్మద్ ఆ కవితలను 1616లో ఒక సంపుటిగా కూర్పించారు. అంటే వలీకి దాదాపు ఒక శతాబ్దం ముందే మన గడ్డపై ఒక సంపూర్ణ కావ్యసంపుటి సిద్ధమై ఉన్నది. జోర్ సాహెబ్ దానిని పరిష్కరించి, విపులమైన పీఠికతో 1940లో అచ్చువేయించారు.

ఆ సంపుటిలో ఈద్, షబె బరాత్, మీలాద్‌లపై కవితలు ఉన్నాయి. వసంతంపై, తొలకరి వానపై, పండ్లపై, కూరగాయలపై కూడా ఉన్నాయి. ప్రేయసులపై వ్రాసినవి చాలానే ఉన్నాయి. వాటిని మా తరగతి గదిలో చదివించజాలము, ఆ మాట దాచనవసరం లేదు. అయినా నాలుగు వందల సంవత్సరాల క్రితం మన పండుగ ఏ విధంగా జరిగేదో, దస్తరఖానుపై ఏమి ఉండేదో చెప్పే సాక్ష్యం మరొకటి ఎక్కడ దొరుకుతుంది?

'ఇది హైదరాబాదు వారి ముచ్చట, మనకేమి?' అని గుంటూరు, తెనాలి ప్రాంతాల వారు అనుకోవచ్చు. మన కొండవీడు 1580 ప్రాంతంలో గోలకొండ ఏలుబడిలోకి వెళ్ళినది. ఆ కాలపు సుల్తాను ఇబ్రాహీం కుత్బ్ షాకు అద్దంకి గంగాధర కవి 'తపతీ సంవరణోపాఖ్యానము'ను అంకితమిచ్చారు. ఆయన కొలువులోని అమీన్ ఖాన్‌కు పొన్నికంటి తెలగన అచ్చతెనుగులో 'యయాతి చరిత్రము' అంకితం చేశారు. తండ్రి కొలువులో తెలుగు వింటూ పెరిగిన కుమారుడే దక్కనీలో కవితలల్లినవాడు. నేడు మనం ఇంట్లో మాట్లాడుకొనే మాట ఆ చెట్టు కొమ్మయే.

ఆ మాటను చూసి మనమే సిగ్గుపడుతున్నాము. కంఠమూలం నుండి పలుకవలసిన అక్షరాన్ని మనవారు 'ఖాఫ్' అంటారు. తెలుగులో వ్రాసినా అదే వస్తుంది. దానివలన 'స్వల్పం', 'మిత్రుడు' అనే అర్థాలు గల రెండు వేర్వేరు అరబీ పదాలు మన నోట ఒకటే 'ఖలీల్' అవుతాయి. ఖుర్ఆన్ పారాయణంలో ఇది దోషం. మేము పిల్లలను సరిదిద్దుతాము, సరిదిద్దక తప్పదు. కాని ఇంటి మాటలో అది దోషం కాదు, దక్కను ఉచ్చారణ. ఈ రెంటికీ గల భేదాన్ని మాకు మదరసా చదువులో ఎవరూ చెప్పలేదు. ఉత్తరాది నుండి వచ్చిన సహపాఠులు మా పలుకును చూసి నవ్వేవారు, మేము తలవంచుకొనేవారము. హైదరాబాదువాడై ఉండి, ఆ నుడి ధ్వనులను పారిస్ వంటి చోట విద్యావిషయంగా చేసిన మనిషి ఒకరున్నారని తరువాత తెలిసినప్పుడు కలిగిన సంతోషం ఇంతింత అనరానిది.

జోర్ సాహెబ్ పనిలో లోపాలు లేవని కాదు. భాగమతి వృత్తాంతమే తీసుకోండి. ఆమె నిజంగా ఉన్నదనీ, నగరానికి ఆమె పేరే తొలుత పెట్టబడినదనీ ఆయన వాదించారు. చరిత్రకారుడు హారూన్ ఖాన్ షేర్వానీ అందుకు తగిన సమకాలీన ఆధారం లేదని తిరస్కరించారు. మా అల్పబుద్ధికి షేర్వానీ పక్షమే బలమైనదిగా తోస్తుంది. ప్రేమించిన వస్తువును గురించి వ్రాసేటప్పుడు కలం కొంత ముందుకు జారుతుంది కాబోలు. అయితే వ్రాతప్రతుల వివరణ పట్టికలలో ఆయన కలం ఎంతో జాగ్రత్తగా నడిచింది. ఏ ప్రతి, ఎన్ని పుటలు, లేఖకుడెవరు, ఆది ఏమి, అంతం ఏమి అని సంపుటాల తరబడి వ్రాశారు. అటువంటి పనికి చప్పట్లు కొట్టేవారుండరు.

సంస్థ తరఫున 1938 నుండి 'సబ్‌రస్' పత్రిక నడిచింది. ముల్లా వజ్హీ 1635లో వ్రాసిన దక్కనీ వచన గ్రంథం పేరే దానికి పెట్టారు. ఇంటివద్ద చదువుకొన్నవారికి సైతం ఉర్దూ పరీక్షలు నిర్వహించారు. స్త్రీల కోసం ప్రత్యేక విభాగం ఏర్పరచారు. ఆయన భార్య తహ్నియతున్నిసా బేగం నాతులు వ్రాసిన కవయిత్రి. పంజాగుట్టలో ఐవానె ఉర్దూ భవనానికి స్థలమిచ్చింది ఆమెయే. భర్త పుస్తకాల పిచ్చిని తిట్టుకొనే ఇల్లాళ్ళు ఈ వాక్యాన్ని మరొకసారి చదువవలెనని మనవి.

జీవితపు చివరి దశలో ఆయన కాశ్మీరు విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. 1962 సెప్టెంబరులో శ్రీనగరులోనే మరణించారు, అక్కడే ఖననమయ్యారు. గోలకొండ కోసం బ్రతికినవాని సమాధి గోలకొండకు అంత దూరాన ఉండుట అల్లాహ్ నిర్ణయం.

ఇక మా తప్పు ఒకటి చెప్పవలసి ఉన్నది. ఇరవై సంవత్సరాల క్రితం ఇటువంటి మూటనే ఒక యువకుడు మా వద్దకు తెచ్చాడు. అది రంజాను మాసం. తరావీహ్‌కు సమయం అవుతున్నది. మేము ఒక పుట తిప్పి చూసి, "కాలువలో కలుపు బాబూ" అన్నాము. అతడు అట్లే చేశాడు. మా కితాబులో చిక్కుకొని ఒకే కాగితం మిగిలినది. అందులో 'దో' తరువాత ఒక మాట ఉన్నది. దానిని మేము 'పట్టీ' అని చదువుకొన్నాము. గాయానికి కట్టే పట్టీ అనుకొని, ఎవరో హకీము వ్రాసిన చిట్కా కాబోలునని ఏండ్ల తరబడి భావించాము. ఒకనాడు మా శిష్యునికి హ్రస్వస్వర చిహ్నాలు లేని రాతను చదివే విధానం చెబుతుండగా అకస్మాత్తుగా స్ఫురించినది. అది 'పుట్టి'. రెండు పుట్ల ధాన్యం! వడ్లమూడి వంటి ఊరిలో అది మాకు మొదటనే తట్టవలసినది. ఉర్దూ లిపిలో తెలుగు కొలతతో లెక్క వ్రాసుకొన్న ఆ రైతు ఎవరో, ఆ మిగిలిన పుటలలో ఏమున్నదో ఇక తెలియదు.

అందువలన ఆ వృద్ధురాలి మూటను విప్పి చాపమీద పరచాము. చిరిగిన ఖుర్ఆన్ పుటలు కొన్ని ఉన్నాయి. వాటిని శుభ్రమైన వస్త్రంలో చుట్టి, మనుషులు నడవని చోట పాతిపెట్టే ఏర్పాటు చేశాము. తక్కినవి విడిగా తీశాము: మూడు ఉత్తరాలు, ఒక నిఖానామా, అట్టలేని ఒక నోటు పుస్తకం. నోటు పుస్తకంలో పెండ్లి పాటలు ఉన్నాయి. మామగారి దస్తూరీయేనా అని అడిగితే, ఆమె కళ్ళజోడు సవరించుకొని చాలాసేపు చూసి, "కాదు హజ్రత్, ఇది మా అత్తగారిది. ఆమెకు రాయడం వచ్చని నాకు ఇప్పటిదాకా తెలియదు" అన్నారు.