కిక్కిసకు నిప్పు పెడితే కొల్లేరు బాగుపడుతుందా?

ఏలూరు: ఎండలు ముదిరి కొల్లేరులో నీరు తీసేసరికి కిక్కిస ఎండిపోతుంది. ఇక ఒక్క అగ్గిపుల్ల చాలు. మనిషెత్తు దాటిన ఆ గడ్డిని కోయించాలంటే బోలెడు కూలి. వేసవిలో సరస్సు అడుగున వరి వేసుకున్న రోజుల్లో నేలను సాగులోకి తెచ్చుకోవడానికి రైతుకు నిప్పే చవక. బూడిద ఎరువవుతుందన్న నమ్మకమూ ఉంది.

అందులో సగమే నిజం. బూడిదలో పొటాషు, సున్నం మిగులుతాయి. నత్రజని మాత్రం చాలావరకు పొగలో పోతుంది. కొన్న యూరియాతో ఆ లోటు పూడ్చుకోవలసిందే.

పైగా కిక్కిస నిప్పుకు చావదు. దాని దుంప బురదలో లోతున భద్రంగా ఉంటుంది. తొలకరి పడగానే మళ్లీ మొలకేస్తుంది. పైమోడు కాలిపోవడంతో ఎండ తగిలి ఇంకా ఏపుగా వచ్చినా ఆశ్చర్యం లేదు. మంటకు దొరికేది పారిపోలేని తాబేలు, గూటిలోని గుడ్డు. బాగా ఎండిన చోట నేలలోని కుళ్లిన గాదం కూడా అంటుకుంటే, పైకి మంట కనబడకుండానే రోజుల తరబడి రాజుతుంది. ఆ పొగ పీల్చేది లంక గ్రామాలవారే.

చట్టం సంగతి సరేసరి. 308 చదరపు కిలోమీటర్ల కొల్లేరు 1999లో అభయారణ్యమైంది. 2002లో రామ్‌సర్ జాబితాకెక్కింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 30వ సెక్షన్ ప్రకారం అభయారణ్యానికి నిప్పు పెట్టడం నేరం.

అయితే నేరమంతా అగ్గిపుల్లదేనా? పొలాల మురుగు కాల్వలు తెచ్చే ఎరువు, చెరువుల వ్యర్థాలు, పట్టణాల మురుగు కలిసి కిక్కిసను మేపుతున్నాయి. అది నీటి దారులను కమ్మేస్తే బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన వరద ఉప్పుటేరుకు వేగంగా చేరదు. ఊళ్లలోకి నీళ్లొస్తాయన్నది గ్రామస్థుల భయం. కాల్చవద్దన్నవారు కోయించాలి కదా అని వారడిగితే తప్పుపట్టలేం.

కోతకూ ఓ పద్ధతుంది. మోడు నీట మునిగేలా అడుగంటా కోస్తే, కాడ ద్వారా గాలి అందక దుంప నీరసిస్తుంది. కాబట్టి ముందుగా నీటి దారుల్లోనైనా, వానలకు సరస్సు నిండకముందే ఆ కోత పూర్తికావాలి. ఆలస్యమైతే పడవ మీద నుంచి కోయాలి, కూలి రెట్టింపవుతుంది.