ఆరోగ్య శీర్షిక: పుట్టగొడుగుల కషాయం

గత కొంతకాలంగా మన కాలనీలలో ‘పుట్టగొడుగుల టీ’ మాట తరచుగా వినవస్తున్నది. పొట్లాలు ఇంటింటికీ చేరుతున్నవి. వాటి వెంట మధుమేహం మొదలు కాన్సర్ వరకు అన్ని వ్యాధులూ నయమవుతాయన్న హామీలూ చేరుతున్నవి. అసలు ఆ పానీయం ఏమిటో, దానిని ఎట్లా కాచుకోవాలో, ఎవరు దాని జోలికి పోరాదో పాఠకులు తెలుసుకొనడం అవసరం.

పేరుకు టీయే గాని ఇందులో తేయాకు ఉండదు. చైనీయులు లింగ్‌ఝీ అనీ, జపానీయులు రేషీ అనీ పిలిచే ఈ పుట్టగొడుగు గానోడెర్మా అనే ప్రజాతికి చెందినది. మనం వానాకాలంలో కూర వండుకొనే పుట్టకొక్కుల వలె ఇది మెత్తగా ఉండదు. ఎర్రని వార్నిషు పూసిన చెక్కముక్క వలె ఉండి, నమలడానికి సాధ్యపడదు. కనుకనే కాచి త్రాగడం ఆచారమయింది. ప్రాచీన చైనా ఔషధ గ్రంథం దీనిని ఉత్తమశ్రేణి మూలికలతో చేర్చింది. నేటి ఆ దేశపు అధికారిక ఔషధ సంహిత రోజుకు 6 నుండి 12 గ్రాముల ఎండు పుట్టగొడుగును మోతాదుగా పేర్కొంటున్నది.

మన ఇళ్లలో 6 గ్రాములకు మించనవసరం లేదు. ఎండిన పలుచని ముక్కలను కడిగి, లీటరు నీటిలో అరగంట నానవేసి, అదే నీటితో స్టీలు గిన్నెలో పొయ్యిమీద పెట్టాలి. తెర్లిన పిమ్మట మూత వేసి, సన్నని సెగ మీద గంట, గంటన్నర సేపు, నీరు సగమయ్యే వరకు కాచాలి. టీపొడి వలె రెండు నిమిషాలు మరిగించి దించితే రంగునీరే మిగులుతుంది. రొయ్యల పెంకులో ఉండే కైటిన్ అనే గట్టి పదార్థమే దీని కణాల గోడలలోనూ ఉన్నందువల్ల, లోపలి బీటా గ్లూకాన్లు నీటిలోకి దిగడానికి దీర్ఘకాలం వేడి తగలాలి. చేదునిచ్చే ట్రైటెర్పీన్లు మాత్రం నీటిలో అంతగా కరగవు. అయినా త్రాగేవారికి చేదు బాగానే తెలుస్తుంది! చిన్న అల్లం ముక్క వేసుకొనవచ్చును. వడకట్టిన కషాయాన్ని ఫ్రిజ్‌లో ఉంచి మరునాటికల్లా ముగించాలి.

ఇక గుణం సంగతి. ప్రపంచవ్యాప్త వైద్య పరీక్షలను క్రోడీకరించే కాక్రేన్ సంస్థ, మధుమేహ రోగులలో దీనివల్ల చెప్పుకోదగిన ప్రయోజనం కనబడలేదని 2015లో తేల్చింది. కాన్సర్‌కు ప్రధాన చికిత్సగా వాడడానికి తగిన ఆధారాలు లేవని 2016లో పేర్కొన్నది. అయినప్పటికీ షుగరు, రక్తపోటు మాత్రలు మానివేసి కషాయంతోనే సరిపెట్టుకొంటున్న పెద్దలు మన మధ్య ఉన్నారు. ఇది ప్రాణం మీదికి తెచ్చే పని. ఇంట్లోని పిల్లలు ఈ విషయమై తల్లిదండ్రులను ఒకసారి అడిగి తెలుసుకోవాలి. మాత్రలు మానకుండా త్రాగేవారికీ చిక్కు లేకపోలేదు. రక్తం పలుచబడే మందులు, షుగరు మందులు వాడేవారు, అవయవ మార్పిడి జరిగినవారు, శస్త్రచికిత్సకు సిద్ధమవుతున్నవారు వైద్యుని అడగకుండా దీనిని ముట్టరాదు. పొడి రూపంలో మ్రింగడం మరీ ప్రమాదకరం కావచ్చును. కాచిన లింగ్‌ఝీ నుండి పొడికి మారిన ఒక రోగి కాలేయం దెబ్బతిని మరణించిన ఉదంతాన్ని థాయ్‌లాండ్ వైద్యులు 2007లో ప్రచురించారు.

పొట్లం ధర చూసి, కోనసీమ వంటి ప్రాంతాల వారికి మరొక ఆలోచన రావచ్చును. స్వగ్రామంలో కొబ్బరిచెట్ల మొదళ్లలో ఇటువంటిదే మొలుస్తుంది గదా, కోసి తెచ్చుకొంటే సరిపోదా అని. సరిపోదు. ప్రజాతి ఒకటే అయినా అందులో జాతులు అనేకం. చైనాలో సాగుచేసే లింగ్‌ఝీ వేరే జాతి అని శాస్త్రజ్ఞులు 2012లో ప్రత్యేకంగా పేరు పెట్టారు. కొబ్బరి మొదట మొలిచే గొడుగు గానోడెర్మా తెగులుకు గుర్తు. అది పైకి కనబడేసరికి లోపల వేళ్లు కుళ్లిపోయి ఉంటాయి. దానిని గిన్నెలో వేయడం కాదు, వెంటనే ఉద్యాన శాఖ వారికి చూపించి ప్రక్క చెట్లను కాపాడుకోవాలి.