వీడర్‌కి బ్యాటరీ పెట్టించే ముందు ఈ లెక్క చూడండి

అన్నలారా, పెట్రోల్ వీడర్ ఇంజిన్ తీసేసి మోటారు, బ్యాటరీ బిగించే వీడియోలు తెగ తిరుగుతున్నాయి. ఎరువుల డబ్బులు తీసుకెళ్లి అందులో పోస్తారేమోనని రాస్తున్నా.

మోటారు బిగించడం పెద్ద పనేం కాదు, వెల్డింగ్ షాపులో అయిపోతుంది. చిక్కంతా బ్యాటరీది. 48 వోల్టులు, 30 ఆంపియర్ అవర్ బ్యాటరీలో పట్టేది ఒకటిన్నర యూనిట్ కరెంటు కూడా కాదు. 5 హెచ్‌పీ పని గంట చెయ్యాలంటే 3.7 యూనిట్లు కావాలి. అంటే ఫుల్ లోడు మీద అరగంట కూడా రాదు! పత్తి సాళ్లలో పైపైన గడ్డి తీస్తే ఇంకాస్త లాగుతుంది. నల్లరేగడిలో లోతుకి దింపారా, అంతే సంగతులు. పెట్రోల్ అయితే సీసాలో తెచ్చి పోసుకుంటాం, చేను గట్టు మీద ఛార్జింగ్ ఎక్కడిది?

మందు కొట్టే పంపుకి మాత్రం బ్యాటరీయే మేలు. దానికి అంత బలం అక్కర్లేదు, 12 వోల్టుల చిన్న బ్యాటరీ చాలు. మోత ఉండదు, వీపు మీద ఇంజిన్ అదురూ ఉండదు.

పాలీహౌస్ వాళ్లది వేరే లెక్క. మూసిన చోట పెట్రోల్ పొగ ప్రాణానికే ముప్పు, అక్కడ అరగంట పనైనా బ్యాటరీకే నా ఓటు. పెట్టించేటప్పుడు మాత్రం బ్యాటరీకి బీఎంఎస్, ఫ్యూజు ఉన్నాయో లేదో చూశాకే డబ్బులివ్వండి.