వాక్యం నోట్లో ఉంటే చాలదు, నడతలో ఉండాలి



మన హాస్టల్లో ఆదివారం ప్రార్థనకు కూర్చునేవాళ్లం చాలామందిమి ఉన్నాం. కంఠత వాక్యాలు అడిగితే అధ్యాయం, వచనం నంబర్లతో సహా టకటకా అప్పజెప్తాం. మంచిదే. కానీ సోమవారం పొద్దున్నే బోరింగు దగ్గర చిన్న క్లాసు పిల్లాడి బకెట్టు పక్కకు తోసి మన బకెట్టు పెట్టేటప్పుడు ఆ వాక్యం ఎక్కడికి పోతోంది? మాటలు కోటలు దాటుతాయి, కాళ్లు గడప దాటవు అన్నట్టుంది మన సంగతి.

బైబిల్లో యాకోబు పత్రిక 5 అధ్యాయాల చిన్న పత్రిక. వాక్యం విని ఊరుకునేవాణ్ణి, అద్దంలో ముఖం చూసుకుని అవతలికి పోగానే అది ఎలా ఉందో మరిచిపోయేవాడితో పోల్చాడు యాకోబు. బట్టా తిండీ లేనివాడికి మంచి మాట చెప్పి ఉత్త చేతులతో పంపితే ఏం లాభమని రెండో అధ్యాయంలో సూటిగా అడిగాడు. ఏజెన్సీ చలి ఎలాంటిదో మనకు ఒకరు చెప్పక్కర్లేదు. దుప్పటి లేనివాడితో "నీకోసం ప్రార్థన చేస్తాలే" అని, మనం రెండు దుప్పట్లు కప్పుకుని పడుకుంటే ఆ ప్రశ్న మనకే.

లూకా 10వ అధ్యాయంలో మంచి సమరయుడు అయ్యో పాపం అని వెళ్లిపోలేదు. గాయాలు కట్టాడు, తన వాహనం మీద ఎక్కించాడు, పూటకూళ్ల ఇంట్లో రెండు దేనారాలు కట్టాడు. ఇంకా ఖర్చయితే తిరిగొచ్చేటప్పుడు ఇస్తానన్నాడు. జ్వరంతో పడుకున్నవాడి సంగతి వార్డెన్ గారికి చెప్పి, జావ తెచ్చిపెట్టి, పోయిన పాఠం నోట్సు రాసిచ్చేవాడు, ఏ దేవుణ్ణి మొక్కినా సరే, ఆ పనే చేస్తున్నాడు. ఇంకో సంగతి. యూదులు సమరయుల్ని చిన్నచూపు చూసేవారు. యేసు ఆ కథలో మంచివాడిగా సమరయుణ్ణే పెట్టాడు. తెలుగు సరిగా రాదని కోయ పిల్లల్ని, లంబాడీ పిల్లల్ని వెక్కిరించేవాళ్లు ఇది ఆలోచించాలి.

డోర్నకల్‌లో పనిచేసిన వి.ఎస్. అజరయ్య గారు 1912లో ఆంగ్లికన్ సంఘానికి మొదటి భారతీయ బిషప్ అయ్యారు. అంతకు ముందే, 1910లో ఎడిన్‌బరో మహాసభలో, విదేశీ మిషనరీలు చేసిన త్యాగాలను ఒప్పుకుంటూనే మాకు స్నేహితులు కూడా కావాలని వాళ్ల ముందే అడిగారు. ఇవ్వడం ఒకటి, పక్కన కూర్చోవడం ఇంకొకటి. మెస్సులో ఒంటరిగా తినే కొత్త పిల్లాడి పక్కన ప్లేటు పెట్టుకుని కూర్చోడానికి డబ్బులు అక్కర్లేదు.

"మేం పిల్లలం, మా దగ్గర ఏముంది?" అని కొందరంటారు. బకెట్టు నీళ్లున్నాయి, అర దుప్పటి ఉంది, రెండు చేతులున్నాయి. ప్రార్థనకు రాని మన స్నేహితులు బైబిలు తెరిచి చూడకపోవచ్చు. మనం చేసేది మాత్రం రోజూ చూస్తారు.

కాబట్టి నాదొక సూచన. వారానికి ఐదు వాక్యాలు బట్టీ పట్టడం కంటే ఒక్కటే నేర్చుకుందాం. శనివారంలోగా దాన్ని ఒక్కసారైనా చేసి చూద్దాం. చేసింది ఎవరికీ చెప్పుకోవద్దు, ఈ గోడ పత్రికలో కూడా రాయొద్దు. కుడిచేయి చేసింది ఎడమచేయికి తెలియకూడదని కొండమీది ప్రసంగంలోనే ఉంది కదా!

— ఒక 9వ తరగతి విద్యార్థి